చెల్లెలి తిండి గురించి ఒక ప్రశ్న: బెంగళూరులో ముందుగా ఎవరిని కలవాలి?

అనంతపురం అక్క
ఆదివారం, రాత్రి 11:20

ఈ వేదికలో అద్దె ఇళ్ల గురించీ బడుల గురించీ మీరు రాసుకునేవి చదవడమే తప్ప నేనెప్పుడూ నోరు విప్పలేదు. ఈ రాత్రి మాత్రం రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా చెల్లెలికి ఇరవై ఏళ్లు. ఇంటర్ అయ్యాక డిగ్రీ కోసం ఇక్కడికి వచ్చి రెండేళ్లు పీజీ హాస్టల్లో ఉంది. మొన్నటి ఉగాది నుంచి మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉంటోంది. ఒకే కప్పు కింద ఉండడం మొదలయ్యాకే నాకు కొన్ని సంగతులు కనిపించాయి. నలుగురిలో కూర్చున్నప్పుడు కంచంలో అన్నం కలుపుతూనే ఉంటుంది, ముద్ద మాత్రం నోటిదాకా వెళ్లదు. మేమందరం పడుకున్నాక వంటింట్లో డబ్బాలు ఖాళీ అవుతాయి. అమ్మ పంపిన కజ్జికాయలు రెండు రాత్రుల్లో అయిపోయాయి. తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి తిప్పుతుంది. మొదట శనివారం ఒక్కపొద్దు అంది, తరువాత సోమవారం చేరింది, ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఏదో ఒక దేవుడి పేరు చెబుతోంది. భక్తి పెరిగిందని అమ్మ మురిసిపోయింది.

ఇంతా చేసి మనిషి చిక్కలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కడుపులో మంట అంటే దగ్గరలోని క్లినిక్‌కు తీసుకెళ్లాను, ఆ డాక్టరు గ్యాస్ మాత్రలు రాసి పంపించారు. పోయిన గురువారం రాత్రి నేను మంచినీళ్లకు లేచినప్పుడు ఎదురుపడి, తనంతట తానే ఏడుస్తూ చెప్పింది. తిన్నది కక్కుతోందట, రెండేళ్లుగా. అమ్మకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

నాకు తెలియాల్సినవి ఇవి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆసుపత్రిలో చేర్చుకుంటారా, అమ్మకు చెప్పకుండా వైద్యం చేయించడం తప్పా, తెలుగులో మాట్లాడే కౌన్సిలర్ దొరుకుతారా. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే అది వేరే ఎవరి కథో చెప్పినట్టు చెబుతుంది. తనకు బాధ వచ్చేది తెలుగులోనే.

నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 11:52

పై పోస్టులో బరువుకు సంబంధించిన ఒక అంకెను తొలగించాను. అక్కగారు అన్యథా భావించవద్దు. ఈ చర్చలో పాల్గొనే అందరికీ ఒకే మాట: కిలోలు, క్యాలరీలు, ఎన్ని పూటలు మానారు, ఎలా కక్కారు అన్న వివరాలు రాయకండి. ఈ జబ్బుతో ఉన్నవారు అటువంటి అంకె కనిపిస్తే దానితో పోటీ పడతారు. ఆసుపత్రుల గురించి రాయవచ్చు, కానీ మీకు చేదు అనుభవం ఎదురైన చోటి పేరు చెప్పకండి.

రెసిడెంట్ 27
సోమవారం, ఉదయం 6:15

నేను సైకియాట్రీలో శిక్షణ పూర్తి చేసి ఈ నగరంలోనే పని చేస్తున్నాను. మీ చెల్లెల్ని చూడకుండా నేను రోగనిర్ణయం చేయలేను, చేయకూడదు కూడా. అయినా మీరు రాసిన తీరు బులిమియా నెర్వోసాను, అంటే ఆపుకోలేక తిని తరువాత కక్కే జబ్బును, గుర్తు చేస్తోంది. 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ దీన్ని మొదటిసారి ప్రత్యేకంగా వర్ణించారు. ఈ రోగుల్లో చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది, కనుక మనిషి చిక్కలేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. చెవుల కింద బుగ్గలు ఉబ్బినట్టు ఉండడం, చేతివేళ్ల కణుపుల మీద గీతల్లా మచ్చలు, పళ్ల మీది పింగాణీ పొర అరిగిపోవడం వంటివి ఉంటే డాక్టరుకు చెప్పండి.

మనసు సంగతి తరువాత, ముందు ఒంటి సంగతి చూడాలి. పదేపదే వాంతులైతే రక్తంలో పొటాషియం పడిపోతుంది. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఇది పైకి కనిపించేది కాదు. కాబట్టి ఈ వారంలోనే ఎవరైనా ఫిజీషియన్ దగ్గర రక్తంలో లవణాల పరీక్ష, కిడ్నీ పరీక్ష, ఈసీజీ చేయించండి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, బతకాలని లేదన్న మాట నోటి నుంచి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

గ్యాస్ మాత్రలు రాసిన డాక్టరును నేను పూర్తిగా తప్పుపట్టను. ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు. ఈసారి గదిలోకి వెళ్లగానే మొదటి వాక్యంగా "తిన్నది కావాలని కక్కుతోంది, రెండేళ్లయింది" అని చెప్పండి. ఇలా తేటగా చెప్పడానికి ఇంకొక కారణం ఉంది. దిగులు తగ్గడానికి ఇచ్చే మందుల్లో బ్యుప్రోపియాన్ అనేదాన్ని ఈ జబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదు, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. వాంతుల సంగతి దాస్తే ఆ మందు రాసే వీలుంటుంది.

ఎక్కడికి వెళ్లాలన్న దానికి నా జవాబు: హోసూరు రోడ్డులో డైరీ సర్కిల్ దగ్గర ఉన్న నిమ్హాన్స్, అంటే కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ. కొత్త రోగులు ఉదయాన్నే వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. రాయలసీమ జిల్లాల నుంచి అక్కడికి వచ్చేవారు ఎక్కువ కాబట్టి తెలుగు అక్కడ కొత్త భాషేమీ కాదు. రక్త పరీక్షల నుంచి ఫిజీషియన్ వరకు అన్నీ ఒకే ఆవరణలో కావాలనుకుంటే కోరమంగళలోని సెయింట్ జాన్స్ వంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ప్రైవేటుగా వెళ్లేటట్టయితే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉందో లేదో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడనక్కరలేదు, నిజంగా ఉన్నవారు ఏమీ అనుకోరు.

ఇక చేర్చుకోవడం గురించి. పొటాషియం బాగా తగ్గినా, గుండె లయలో తేడా వచ్చినా, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నా చేర్చుకుంటారు. లేనిపక్షంలో బులిమియా వైద్యం ఎక్కువగా బయటి నుంచే జరుగుతుంది. ఈ జబ్బు కోసమే రూపొందించిన సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల వైద్యం) పద్ధతిలో సాధారణంగా ఇరవై వారాల్లో ఇరవై సెషన్లు ఉంటాయి. అవసరమైతే ఫ్లుఆక్సెటిన్ వంటి మందు కూడా జతచేస్తారు.

తుంగభద్ర
సోమవారం, మధ్యాహ్నం 1:40

అక్కగారూ, మీ చెల్లెలి స్థానంలో నేను ఐదేళ్లు ఉన్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మన భాషలో నోరు కట్టుకోవడం అనే మాట ఉంది. అది మెప్పు. "పాపం, ఎంత నోరు కట్టుకుంది" అని పెళ్లిళ్లలో పెద్దవాళ్లు నా గురించి అంటూ ఉంటే మా అమ్మ ముఖం వెలిగేది. నోరు కట్టుకోవడం ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలవుతుందో చెప్పే మాట మాత్రం మన దగ్గర లేదు. నేను దాన్ని ఏ పేరుతో పిలవాలో తెలియక మూడేళ్లు ఊరుకున్నాను. పెళ్లిచూపులకు ముందు చిక్కమన్నది ఇంట్లోవాళ్లే, ఆ తరువాత ముఖంలో కళ తప్పిందని దిష్టి తీసిందీ ఇంట్లోవాళ్లే. ఎర్రనీళ్లు, ఎండుమిరపకాయలు, గుమ్మడికాయ అన్నీ అయ్యాయి. చివరికి కనిపెట్టింది పంటి డాక్టరు. ముందు పళ్ల వెనక వైపు చూసి, తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అడిగారు. ఆమె అడిగిన తీరులో నింద లేదు. అందుకే నిజం చెప్పగలిగాను.

ఇక మీరు చేయగలిగింది. స్నానాల గది తలుపు దగ్గర కాపలా నిలబడకండి, కొళాయి చప్పుడు గురించి వెక్కిరించకండి. భోజనమయ్యాక గంటసేపు తనతో ఉంటానని చెప్పి, తను సరేనంటే అష్టాచెమ్మా ఆడండి, మేడ మీద బట్టలు మడతపెట్టండి, ఏదైనా సరే. కక్కాలన్న తపన అలలాగా వచ్చి పోతుంది, ఆ గంట గడిస్తే చాలావరకు తగ్గుతుంది. ఒకవేళ కక్కినా, వెంటనే బ్రష్ చేయవద్దని చెప్పండి. ఆమ్లంతో మెత్తబడిన పళ్లు బ్రష్‌తో ఇంకా అరుగుతాయి. నీళ్లతో పుక్కిలిస్తే చాలు. పొద్దున్నే "నిన్న రాత్రి మళ్లీనా" అని అడగడం కంటే "ఈరోజు టిఫిన్ నాతో తిను" అనడం మేలు. లావు, సన్నం, కళ, గ్లామర్ అన్న మాటలు ఆరునెలలు మీ ఇంట్లో వినిపించకూడదు, పొగడ్తగా కూడా.

ఒట్టు గురించి మీరు అడిగారు. తనకు పద్దెనిమిది దాటాయి కాబట్టి వైద్యానికి ఎవరి అనుమతీ అవసరం లేదు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యులది. అమ్మకు ఎప్పుడు చెప్పాలో చెల్లెలే నిర్ణయించుకోనివ్వండి. కానీ ప్రాణం మీదికి వస్తే ఒట్టు చెల్లదని ఇప్పుడే, మామూలుగా ఉన్నప్పుడే, తనతో అనండి.

బాణసవాడి బాబాయి
సోమవారం, రాత్రి 8:05

పెద్దవాణ్ణి, ఎవరినీ నొప్పించాలని కాదు. మా కాలంలో ఇంటికి ఎనిమిదిమంది పిల్లలం, కంచంలో పెట్టింది తినడమే తప్ప ఇన్ని వేషాలు మాకు తెలియవు. ఇది ఫోన్లు తెచ్చిన రోగమనీ, పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిందనీ నా అభిప్రాయం. అమ్మాయిని ఒక నెల ఊరికి పంపించి, తల్లి చేతి ముద్ద తినిపించి, సమయానికి మంచి సంబంధం చూస్తే అదే సర్దుకుంటుంది. పిచ్చాసుపత్రి చీటీ చేతికి వస్తే రేపు ఆ పిల్లకు పెళ్లి ఎలా అవుతుంది? ఒక్కపొద్దులను కూడా జబ్బు లెక్కల్లో వేయడం నాకు బాధ కలిగించింది.

కొర్రబువ్వ
సోమవారం, రాత్రి 9:30

బాబాయి గారూ, నేను డైటీషియన్‌గా పని చేస్తున్నాను. మీరు అడిగినవి మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులందరూ అడిగేవే.

ఈ జబ్బు ఫోన్ల కంటే చాలా పాతది. తిండి మానేసి చిక్కిపోయే జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అనే పేరును 1873లోనే విలియం గల్ అనే ఆంగ్ల వైద్యుడు పెట్టారు. పాశ్చాత్యమే అనడానికీ వీల్లేదు. హాంకాంగ్‌లో 1990ల్లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు, లావవుతామన్న భయం ఏమాత్రం చెప్పకుండా కడుపు ఉబ్బరమనీ ఆకలి లేదనీ చెబుతూ చిక్కిపోయిన రోగుల గురించి రాశారు. మన దగ్గరా చాలామంది మొదట చెప్పేది కడుపు సంగతే, అందుకే ముందు గ్యాస్ట్రో డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం బెంగళూరు మానసిక వైద్యులనే అడిగితే దాదాపు మూడింట రెండు వంతుల మంది తాము ఇలాంటి రోగిని చూశామన్నారు. అయితే ఫోన్ల పాత్ర లేదని నేను అనను. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది, మూడేళ్ల తరువాత అక్కడి బడిపిల్లలను అడిగితే, బరువు తగ్గడానికి కక్కుతున్నామని చెప్పినవారు కొత్తగా కనిపించారు. నిప్పు ముందే ఉంది, గాలి తరువాత వచ్చింది.

నెలపాటు ముద్దలు తినిపించడం గురించి ఒక విషయం చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ల సమ్మతితో, ఆరునెలలపాటు అర్ధాకలితో ఉంచారు. యుద్ధంలో ఆకలితో అలమటించినవారికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఆ ప్రయోగం ఉద్దేశం. అంతకుముందు వంటింటి వైపు కూడా చూడని ఆ మగపిల్లలు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు, తిండి గురించి తప్ప మరొకటి ఆలోచించలేకపోయారు, దిగులుతో ముడుచుకుపోయారు. కడుపునిండా తిండి దొరికిన తరువాత కూడా కొందరు ఆపుకోలేక తిన్నారు. వాళ్లలో ఎవరికీ అందం గురించిన పిచ్చి లేదు. ఆకలి మనిషి బుర్రను ఎంత మార్చేస్తుందో అది చెబుతుంది. రాత్రి డబ్బాలు ఖాళీ అవుతున్నాయంటే పగలు కడుపు ఖాళీగా ఉందన్నమాట. అందుకే వైద్యంలో మొదటి మెట్టు కట్టడి కాదు, వేళకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. ఒక్కపొద్దు దీనికి నేరుగా అడ్డు.

అక్కగారికి ఒక హెచ్చరిక. డైటీషియన్ దగ్గరికి వెళితే, తిండి రుగ్మతలు చూసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. క్యాలరీలు లెక్కపెట్టే యాప్ పెట్టుకోమన్నా, మొదటిరోజే మైదా, చక్కెర, అన్నం మానమని చార్టు చేతిలో పెట్టినా మర్యాదగా లేచి వచ్చేయండి.

వేపచెట్టు నీడ
మంగళవారం, ఉదయం 5:50

నాది తండ్రి గోడు, అదీ మగపిల్లవాడి గురించి. మా అబ్బాయికి అప్పుడు పదిహేనేళ్లు. క్రికెట్ అకాడమీలో ఎవరో "కొంచెం ఒళ్లు తగ్గించు" అన్నారు. చక్కెర మానేశాడు, నూనె మానేశాడు, అన్నం మానేశాడు. పట్టుదల ఉన్న కుర్రాడని చుట్టాలందరికీ నేనే చెప్పుకున్నాను, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నాలుగు నెలలకు చేతులు చల్లబడ్డాయి, ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకునేవాడు, నాడి బాగా మందగించింది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఇది ఆడపిల్లలకు వచ్చే జబ్బు అని తేల్చి, టానిక్ రాసి పంపేశారు. రెండో చోట నాడి చూసిన వెంటనే అనొరెక్సియా అని చెప్పి మంచం ఇచ్చారు.

ఆసుపత్రిలో మేము నేర్చుకున్నది, బాబాయి గారు చెప్పిన ముద్దలకు సంబంధించింది. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుందట. దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. యుద్ధఖైదీలకు విడుదలయ్యాక తిండి పెట్టినప్పుడు ఇలాగే జరిగిందని అక్కడి డాక్టరు చెప్పారు. రోజూ రక్తపరీక్ష చేస్తూ కొద్దికొద్దిగా పెంచారు. బాగా చిక్కిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని నెయ్యి ముద్దలు కుక్కడం ఎంత ప్రమాదమో నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చాక జరిగింది అసలు వైద్యం. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి అది, కౌమారంలో ఉన్న పిల్లలకు దీనికే ఎక్కువ ఆధారాలున్నాయని చెప్పారు. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం పూర్తిగా తల్లిదండ్రులది. బరువు కుదురుకున్నాక రెండో దశలో ఆ పగ్గాలు మెల్లగా పిల్లవాడి చేతికిస్తారు. చెప్పడానికి రెండు వాక్యాలే. ఒక దోసె ముందు గంటన్నర కూర్చున్న రోజులున్నాయి. వాడు కంచం విసిరేశాడు, నన్ను అనరాని మాటలన్నాడు. "ఆ మాటలు మీ వాడివి కావు, జబ్బువి" అని థెరపిస్టు చెప్పిన ఒక్క మాట పట్టుకుని నేనూ మా ఆవిడా వంతులు వేసుకుని కూర్చున్నాం. నేను మూడు నెలలు ఇంటి నుంచే పని చేశాను. ఇప్పుడు వాడికి పద్దెనిమిది, కాలేజీ మెస్‌లో తింటున్నాడు. అయినా ఫోన్ చేసినప్పుడల్లా భోజనమైందా అని అడగకుండా నాలుక కరుచుకోవడం నాకు రోజూ పరీక్షే.

బాబాయి గారు పెళ్లి గురించి అడిగారు. మాకు ఆ రోజుల్లో వాడు పెళ్లి వయసుదాకా ఉంటాడా అన్నదే ప్రశ్న. మానసిక జబ్బుల్లో మరణాల నిష్పత్తి ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటని డిశ్చార్జి కాగితాలు తీసుకునేటప్పుడు విన్నాను.

మూడో అంతస్తు పీజీ
మంగళవారం, రాత్రి 12:35

ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. నేను కక్కను, పస్తులుండను. ఆఫీసు నుంచి వచ్చాక గది తలుపు వేసుకుని రెండు మూడు ఆర్డర్లు ఒకేసారి పెట్టి, ఆకలి లేకపోయినా, రుచి కూడా తెలియకుండా తింటాను. డెలివరీ బాయ్ దగ్గర "ఫ్రెండ్స్ వచ్చారు" అని అబద్ధం చెబుతాను. తరువాత నా ముఖం నాకే చూడబుద్ధి కాదు. డాక్టరుకు చెబితే నడవమన్నారు, జిమ్‌లో చెబితే నోరు అదుపులో పెట్టుకోమన్నారు. నా జీతంలో సెషన్‌కు వేలు పెట్టలేను. ఇది జబ్బేనా, బద్ధకమా?

రెసిడెంట్ 27
బుధవారం, ఉదయం 6:40

జబ్బే. బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 అనే మానసిక జబ్బుల వర్గీకరణ పుస్తకంలో దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. మగవాళ్లలోనూ బాగా కనిపిస్తుంది. దీనికి కడుపు కట్టుకోవడం మందు కాదు. కొర్రబువ్వ గారు చెప్పినట్టు పగలు వేళకు తినడంతోనే మొదలవుతుంది.

ఖర్చు గురించి దిగులుపడకండి. 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది. రాత్రీపగలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగును ఎంచుకోవచ్చు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. అర్ధరాత్రి పన్నెండున్నరకు ఇక్కడ రాశారు కదా, ఆ వేళకు కూడా అక్కడ మనిషి ఉంటారు. నేరుగా వెళ్లాలనుకుంటే నిమ్హాన్స్ వాళ్ల వెల్‌బీయింగ్ సెంటర్ ఒకటి బీటీఎం లేఔట్‌లో ఉంది.

ఇంకొక మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో కోలుకుంటున్నామని చెప్పుకునే పేజీల్లో చాలావాటిలో పాత ఫొటోలు, పాత అంకెలే ఉంటాయి, జబ్బును అవే మళ్లీ రాజేస్తాయి. చాట్‌బాట్‌లను కూడా నమ్ముకోకండి. 2023లో అమెరికాలోని ఒక పెద్ద తిండి రుగ్మతల సంస్థ తన చాట్‌బాట్‌ను ఆపేయాల్సి వచ్చింది, సాయం కోసం వచ్చినవారికే అది బరువు తగ్గే చిట్కాలు చెప్పింది.

క్లెయిమ్ ఫైల్
బుధవారం, మధ్యాహ్నం 12:10

బీమా కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగం నాది, నాకు తెలిసింది చెబుతాను. 2017 చట్టం 21వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బుకు కూడా శారీరక జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలి. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో అన్ని కంపెనీలకూ ఆ మేరకు ఆదేశమిచ్చింది. ఆచరణలో మాత్రం చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, వారంవారం వెళ్లే థెరపీకి చెల్లించవు. ఆఫీసు గ్రూపు పాలసీలో ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) ఉందేమో హెచ్ఆర్‌ను అడగండి, జబ్బు పేరు చెప్పనక్కరలేదు. చెల్లెళ్లను చాలా గ్రూపు పాలసీల్లో చేర్చుకోరు, కాబట్టి ఆ అమ్మాయి నాన్నగారి పాలసీ కూడా చూసుకోండి. చేర్చాల్సి వస్తే డిశ్చార్జి కాగితంలో పొటాషియం తగ్గడం, ఈసీజీలో తేడా వంటివి వేరుగా, స్పష్టంగా రాయించుకోండి. చాలా తిరస్కరణలు కాగితం సరిగ్గా లేకే వస్తాయి.

అనంతపురం అక్క
తరువాతి సోమవారం, రాత్రి 10:15

మీ అందరి జవాబులూ చెల్లెలికి చదివి వినిపించాను. నోరు కట్టుకోవడం గురించిన మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమంది.

గురువారం ఉదయం ఏడున్నరకు నిమ్హాన్స్‌కు వెళ్లి మధ్యాహ్నానికి బయటపడ్డాం. నేను ఊహించుకున్న పిచ్చాసుపత్రి అక్కడ లేదు, చెట్ల కింద క్యారియర్లు విప్పుకుని తింటున్న కుటుంబాలున్నాయి. వాళ్లలో మా ధర్మవరం వాళ్లు కూడా కనిపిస్తే చెల్లెలు చున్నీ ముఖం మీదికి లాక్కుంది. లోపల డాక్టరమ్మ మొదట నన్ను బయట కూర్చోమన్నారు. ఆ నలభై నిమిషాలు నాకు చాలా పెద్దవిగా తోచాయి. పొటాషియం కొంచెం తగ్గిందన్నారు, మందిచ్చారు, ఈసీజీ బాగానే ఉంది, చేర్చనక్కరలేదన్నారు. వారానికొకసారి సెషన్‌కు రమ్మన్నారు.

అంతా సజావుగా ఉందని రాయలేను. శనివారం నాతో మాట్లాడలేదు, నువ్వు నా జీవితం మీద పెత్తనం చేస్తున్నావంది. ఆదివారం మధ్యాహ్నం తనే వచ్చి ఎదురుగా కూర్చుని పప్పన్నం తింది. తరువాత అష్టాచెమ్మా ఆడాం, నేను ఓడిపోయాను. రాత్రి ఏం జరిగిందో నేను అడగలేదు.

అమ్మ సంగతి మాత్రం తేలలేదు. వచ్చే వారం తను ఇక్కడికి వస్తోంది, కార్తీకం కలిసి చేసుకుందామని. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండకపోతే కారణం చెప్పాలి. జబ్బు పేరు చెబితే అమ్మకు అర్థం కాదు, చెప్పకపోతే ఉపవాసం తప్పదు.

బాణసవాడి బాబాయి
మంగళవారం, ఉదయం 7:00

అమ్మా, ఈ వారమంతా ఇక్కడ రాసినవి రెండుసార్లు చదివాను. పిచ్చాసుపత్రి అన్న మాట నేను అనకూడనిది. మా పెద్దక్కయ్య పెళ్లికాక ముందు రెండేళ్లు ఏదో వ్రతమని అన్నం ముట్టేది కాదు. ముప్పై దాటకుండానే పోయింది. గుండె జబ్బని అన్నారు. అది ఏమిటో ఇప్పుడు నేను చెప్పలేను, కానీ వేపచెట్టు గారు రాసింది చదివాక ఆవిడ గుర్తొచ్చింది.

మీ అమ్మగారికి ఎలా చెప్పాలో అడిగావు కాబట్టి, నాకు తెలిసిన దారి చెబుతాను. "ఆతురే నియమో నాస్తి" అని పెద్దలు చెప్పిన మాట ఉంది. ఒంట్లో బాగాలేని వారికీ, పిల్లలకూ, ముసలివారికీ ఉపవాస నియమం లేదు. డాక్టరమ్మ వేళకు తినమని చెప్పిందనీ, పొటాషియం తగ్గిందనీ, గుండె కోసం తినాలనీ చెప్పు. అది అబద్ధం కూడా కాదు. మీ ఊళ్లో మీ అమ్మగారు నమ్మే పురోహితులు ఉంటే ఆయన చేత ఒకసారి ఫోన్లో చెప్పించు. సోమవారం దీపం వెలిగించి, శివాలయానికి వెళ్లొచ్చి, ముగ్గురూ వేళకు భోంచేయండి. మిగిలిన సంగతి ఆ అమ్మాయి నోటితో, ఆ అమ్మాయికి ధైర్యం వచ్చిన రోజున చెబుతుంది.

తుంగభద్ర
మంగళవారం, ఉదయం 9:25

బాబాయి గారూ, మీ అక్కయ్య గారి గురించి రాసినందుకు నమస్కారం.

అక్కగారూ, అమ్మ దిగేలోపు ఒక పని చేయండి. వీడియో కాల్‌లో చూడగానే "చిక్కావు", "ఒళ్లు చేశావు" అనడం ఆవిడకు అలవాటైతే, స్టేషన్‌కు వెళ్లినప్పుడు దారిలోనే ఆ ఒక్క మాట అనవద్దని చెప్పండి. మా అమ్మకు అది మానడానికి సంవత్సరం పట్టింది.

మూడో అంతస్తు పీజీ
మంగళవారం, రాత్రి 11:48

నిన్న 14416కు ఫోన్ చేశాను. భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగుకు ఏ అంకె నొక్కాలో చెప్పేదాకా ఆగండి, నేను తొందరపడి ముందే నొక్కేసి కన్నడంలోకి వెళ్లిపోయాను. రెండోసారి కుదిరింది. ఆమె పేరు అడగలేదు, బరువు అడగలేదు. ఈరోజు మధ్యాహ్నం ఏం తిన్నారు అని అడిగారు. ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. రేపటి నుంచి ఆఫీసుకు పెరుగన్నం డబ్బా తీసుకెళ్లాలని అనుకుంటున్నాను. పీజీలో పొద్దున్న ఎనిమిదికి అన్నం ఉండదు, మారతహళ్లి వైపు ఆ వేళకు పెరుగన్నం దొరికే మెస్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.